బడి పంతులు - బంతి పంతులు: సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితం

మన సంఘంలో ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు చాలా మందే ఉన్నారు. ఏ స్కేలులో రిటైరయ్యాం, పెన్షన్ ఎంత స్థిరపడింది, డి.ఎ. బకాయి ఎంత రావాలి అన్న లెక్కలు మనకు కంఠతా వచ్చు. కాని సర్వీసు రిజిస్టరులో ఎక్కని లెక్క ఒకటి ప్రతి పంతులుకూ ఉంటుంది. తన చేతి కింద పెరిగిన పిల్లలు ఏమయ్యారన్నదే ఆ లెక్క. ఆ లెక్కలో మన హైదరాబాదు నుంచి అందరికన్న ముందు నిలిచే పేరు ఒకటి ఉంది. ఆయన బడిలో పిల్లలకు పాఠం చెప్పారు, మైదానంలో దేశానికి పాఠం చెప్పారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆటగాళ్ళందరికీ రహీం సాబ్.

2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చింది. మన మనవలు, మనవరాళ్ళు కొందరు దానిని చూసే ఉంటారు. సినిమా అన్న తరువాత కొంత కల్పన తప్పదు. అందుచేత అసలు మనిషి ఎవరో, ఏమి చేశారో ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు చెప్పుకోవడం సముచితం.

చదువు, ఉద్యోగం

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అది నిజాం పాలన కాలం. నగరంలో ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే కుర్రవాళ్ళకు కొదవ ఉండేది కాదు. రహీం గారు కూడా విద్యార్థి దశలోనే మంచి ఆటగాడుగా పేరు తెచ్చుకున్నారు. స్థానిక జట్లలో చాలా కాలం ఆడారు. అయితే ఆట కూడు పెట్టే రోజులు కావవి. చదువు పూర్తిచేసి ఆయన ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు.

కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఇవి ఆయన పనిచేసిన బళ్ళు. నగరం నడిబొడ్డున పెరిగినవారికి ఈ పేర్లు కొత్తవి కావు. మధ్యలో ఆయన వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. చివరి రెండు బళ్ళలోనూ ఆటల బాధ్యత ఆయనదే.

ఈ సంగతిని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. రహీం గారు పెద్ద ఆటగాడై, ఆ కీర్తితో శిక్షకుడైనవారు కారు. ముందు పంతులు, ఆ తరువాతే కోచ్. ముప్ఫై నలభై మంది పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎవరికి ఏది వంటబడుతుంది, ఎవరిని గట్టిగా అనాలి, ఎవరిని భుజం తట్టాలి అని నిత్యం చూసుకునే అలవాటు బడిలో వచ్చేది. ఆ అలవాటునే ఆయన మైదానానికి తీసుకుపోయారు. ఆయన సాధించిన విజయాలన్నిటికీ మూలం అక్కడే ఉన్నదని ఈ వ్యాసకర్త నమ్మకం.

మైదానమే తరగతి గది

1940ల ఆరంభంలో రహీం గారు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి బాధ్యత స్వీకరించారు. మరణించేవరకు నగర ఫుట్‌బాల్ వ్యవహారాలను విడిచిపెట్టలేదు. సంఘం అంటే సమావేశాలు, తీర్మానాలు, సావనీర్లు అని మాత్రమే అనుకునే రోజులు మనం చాలా చూశాం. ఆయన మాత్రం సంఘాన్ని బడిలాగ నడిపారు. దానికి ఆయన పెట్టించిన చిత్రమైన పోటీలే సాక్ష్యం.

ఒక పోటీలో ఆటగాడు తనకు చేతకాని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం వాడు కుడికాలితోను ఆడాలి. చూసేవారికి మొదట నవ్వు వచ్చి ఉండవచ్చు. కాని ఒక్క కాలే పనిచేసేవాడు సగం ఆటగాడే. ప్రత్యర్థి ఆ సంగతి పసిగడితే ఇక వాడికి దారి ఉండదు. పరీక్షలో రాని లెక్కనే పదిసార్లు చేయించే పంతులు పద్ధతి ఇది.

మరొక పోటీలో బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ ఒంటరిగా పోవడానికి వీలు లేదు. అందిన బంతిని వెంటనే తోటివాడికి ఇవ్వాలి. మన కుర్రవాళ్ళలో నలుగురిని తప్పించుకుపోయి చప్పట్లు కొట్టించుకోవాలనే ఆరాటం ఎక్కువ. ఆ ఆరాటానికి కళ్ళెం వేసి, తలెత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూడడం నేర్పే పాఠం ఇది. ఇంకొక పోటీ పొట్టివాళ్ళకే ప్రత్యేకం. ఎత్తు, లావు చూసి ఎంపిక చేసేచోట చిన్నగా ఉన్న కుర్రవాడు ఎప్పుడూ వెనుక వరుసలోనే మిగిలిపోతాడు. అటువంటి వాడికి కూడా ఒక రోజు, ఒక మైదానం ఉండాలని ఆయన తలచారు.

తులసీదాస్ బలరామ్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. సికింద్రాబాదు అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. అతని ఆటలోని మెరుపు రహీం గారి కంటబడింది. నగరానికి వచ్చి శిక్షణ తీసుకోమన్నారు. రోజూ అంత దూరం రావడానికి దారిఖర్చులు లేవు. అద్దె సైకిలు మీద రావడానికి రహీం గారే డబ్బు సర్దేవారని బలరామ్ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ఆ కుర్రవాడే రెండు ఒలింపిక్స్‌లు ఆడి, 1962లో అర్జున పురస్కారం అందుకున్నాడు. ఫీజు కట్టలేని పిల్లవాడికి జేబులోంచి తీసి ఇచ్చిన పంతుళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు. వారికి ఈ ముచ్చట వేరే వివరించనక్కరలేదు.

సిటీ పోలీస్ జట్టు

1950లో రహీం గారు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులయ్యారు. పోలీసు చర్య జరిగి అప్పటికి రెండేళ్ళే. నగరం ఇంకా ఆ కల్లోలం నుంచి తేరుకుంటున్నది. అటువంటి సమయంలో ఈ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలుచుకుని వచ్చింది. ఒకసారి కాదు, 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. బ్రిటిష్‌వారి కాలం నుంచి, 1891 నుంచి అప్పటివరకు జరుగుతూ వచ్చిన పోటీ అది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పును కూడా ఆయన హయాంలో ఈ జట్టు 4 సార్లు సాధించింది. మొదటిసారి గెలిచింది కలకత్తా మోహన్ బగాన్ మీద.

అంతవరకు ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. హైదరాబాదు పోలీసులు ఆ మాటను మార్చారు. 1956-57లోను, 1957-58లోను జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాదు వరుసగా గెలుచుకున్నది. అప్పుడూ గురువు రహీం గారే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటి ఆటగాళ్ళు ఒక నగరం నుంచి దేశ జట్టుకు బారులు తీరారు.

ఢిల్లీలో పసిడి, హెల్సింకీలో పాఠం

దేశ జట్టు బాధ్యత రహీం గారికి వచ్చిన తరువాత తొలి పరీక్ష 1951 ఢిల్లీ ఆసియా క్రీడలు. అవే మొట్టమొదటి ఆసియా క్రీడలు కూడా. శైలేన్ మన్నా నాయకత్వంలో మనవాళ్ళు ఇండొనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0 తేడాతో ఓడించి ఫైనల్‌కు వచ్చారు. ప్రధాని నెహ్రూ గారు చూస్తుండగా ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో స్వర్ణ పతకం మనదైంది.

మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయాం. చలిప్రదేశం, తడి గడ్డి. మనవాళ్ళలో ఎక్కువమందికి బూట్లు లేవు. వట్టి కాళ్ళతో ఆడడం అప్పటివరకు మనకు ఒక గర్వం. ఆ గర్వం ఆ రోజుతో తీరిపోయింది. తరువాత అఖిల భారత సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

10 గోల్స్ తిన్న జట్టుకు గురువుగా ఉన్నవాడు ఏమి చేయాలి? నెపం వాతావరణం మీద వేసి ఊరుకోవచ్చు. రహీం గారు ఆ పని చేయలేదు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హంగరీ జట్టు ఆటతీరు ప్రపంచానికే కొత్త. ముందు వరుస ఆటగాడు ఒకడు వెనక్కి తగ్గి ఆడతాడు. అతనిని పట్టుకోవాలని బ్యాక్ ముందుకు వస్తాడు, వెనుక ఖాళీ ఏర్పడుతుంది. ఈ కిటుకును రహీం గారు మన ఆటగాళ్ళకు అలవాటు చేశారు. పాత పద్ధతిలో ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, అయిదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవారు. దానిని మార్చి ముగ్గురు బ్యాక్‌లతోను, ఆ తరువాత నలుగురు బ్యాక్‌లతోను ఆడించారు. వయసు నలభై దాటిన తరువాత పాత పాఠాన్ని పక్కన పెట్టి కొత్త పాఠం నేర్చుకుని చెప్పడం ఎంత కష్టమో, సిలబస్ మారినప్పుడల్లా అవస్థ పడిన మనకు బాగా తెలుసు.

మెల్బోర్న్ - 1956

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించింది. సరిగ్గా నెల రోజులకు, డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాతో తలపడింది. మొదటి రౌండ్‌లో హంగరీ రాకపోవడంతో మనకు ఆడకుండానే ముందంజ దొరికింది. కనుక మనం అదృష్టం మీద వచ్చామని అనుకున్నవారూ ఉండి ఉంటారు. ఆ రోజు 4-2 తేడాతో ఆస్ట్రేలియాను ఓడించాం. నెవిల్ డిసౌజా 3 గోల్స్ చేసి, ఒలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన మొదటి ఆసియా ఆటగాడుగా నిలిచాడు. ఆటల అనంతరం సిడ్నీలో జరిగిన స్నేహపూర్వక పోటీలో అదే ఆస్ట్రేలియాను 7-1తో ఓడించి, మొదటి గెలుపు గాలివాటం కాదని రుజువు చేశారు.

ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్‌లో మళ్ళీ ఆ యుగొస్లావియాయే ఎదురైంది. మొదటి గోల్ మనవాళ్ళే కొట్టారు. చివరికి 4-1తో ఓడిపోయాం. కాంస్య పతకం కోసం ఆడిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. అయితే 4 సంవత్సరాల కిందట 10 గోల్స్ తిన్న జట్టు ఇప్పుడు ప్రపంచంలో నాలుగో స్థానంలో నిలిచింది. పతకం రాలేదు గాని, పంతులు చెప్పిన పాఠం వచ్చిందని రుజువైంది.

రోమ్ - కన్నకొడుకు

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టుకు కఠినమైన గ్రూపు వచ్చింది. హంగరీతో 2-1 తేడాతో ఓడిపోయాం. ఫ్రాన్స్‌తో 1-1 సమంగా నిలిచాం. పెరూ చేతిలో 3-1తో ఓడి వెనుదిరిగాం. నాయకుడు పి.కె. బెనర్జీ. హంగరీ మీద, పెరూ మీద మన గోల్స్ రెండూ కొట్టినవాడు ఆ అమ్ముగూడ కుర్రవాడు బలరామే.

ఆ జట్టులో రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. కాని ఒక్క ఆటలోనూ అతనిని బరిలోకి దింపలేదు. కన్నకొడుకును ఒలింపిక్స్‌లో ఆడించే అధికారం చేతిలో ఉండి కూడా ఆయన ఆడించలేదు. బడిలో తన పిల్లవాడికి మార్కులు వేసేటప్పుడు ఇంకొంచెం గట్టిగా పట్టే పంతుళ్ళ కోవకు చెందినవారాయన. హకీం గారు ఆ తరువాత వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరుగా పనిచేశారు. అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల జట్టుకు సహాయ శిక్షకులుగా ఉన్నారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. 2021 ఆగస్టులో కాలధర్మం చెందారు.

జకార్తా - 1962

ఇక రహీం గారి జీవితంలో శిఖరం వంటి ఘట్టం. 1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళకు ఇండొనేషియా వీసాలు ఇవ్వలేదు. ఇది క్రీడా ధర్మానికి విరుద్ధమని భారతదేశానికి చెందిన జి.డి. సోంధీ గారు అభ్యంతరం చెప్పారు. దానితో అక్కడి జనం మన మీద భగ్గుమన్నారు. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. తలపాగా చూసి గుర్తుపడతారని జర్నైల్ సింగ్‌ను బస్సులో కింద కూర్చోబెట్టి తీసుకుపోయిన సంగతి ఆటగాళ్ళు తరువాత చెప్పుకున్నారు.

ఆట కూడా అపశకునంతోనే మొదలైంది. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తరువాత థాయిలాండ్‌ను 4-1తోను, జపాన్‌ను 2-0తోను ఓడించాం. కాని థాయిలాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తలకు పెద్ద దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతడు మన రక్షణకు వెన్నెముక. ఆ కుట్లతో వెనుక వరుసలో బంతులకు తల అడ్డుపెట్టడం ప్రమాదం.

అప్పుడు రహీం గారికి ఒక సంగతి అక్కరకు వచ్చింది. కాలేజీ రోజులలో జర్నైల్ ముందు వరుసలో ఆడేవాడు. వెనుక నిలబడలేనివాడిని ముందు నిలబెడితే ఏమి? సెమీఫైనల్‌లో అతనిని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. జర్నైల్ గోల్ కొట్టాడు. దక్షిణ వియత్నాంను 3-2తో దాటి ఫైనల్ చేరుకున్నాం. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా.

ఫైనల్‌కు గోల్‌కీపర్ ఎవరన్నది మరో చిక్కు. హైదరాబాదులో పుట్టి సైన్యంలో చేరిన పీటర్ తంగరాజ్ ఆరడుగులకు మించిన మనిషి. అప్పటికి జ్వరంతో నీరసించి ఉన్నాడు. అతని బదులు ఆడుతున్న ప్రద్యుత్ బర్మన్ బాగానే ఆడాడు. అయినా కొరియావారు ఎత్తుగా వేసే బంతులకు తంగరాజ్ చేతులే కావాలని రహీం గారు నిర్ణయించారు. తలకు కుట్లు ఉన్నవాడు ముందు వరుసలో, జ్వరం నుంచి లేచినవాడు గోల్‌లో. కాగితం మీద చూస్తే తెగింపులాగ కనిపిస్తుంది. ఏ పిల్లవాడి దగ్గర ఏముందో సంవత్సరాల తరబడి చూసినవాడికి అది తెగింపు కాదు, లెక్క.

ఫైనల్ ముందు రాత్రి ఆటగాళ్ళకు నిద్ర పట్టలేదు. బయటకు వచ్చి తిరుగుతుంటే రహీం గారు కూడా మేలుకునే కనిపించారట. అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. పొగతాగే అలవాటు కూడా ఎక్కువ. ఆ రాత్రి ఆయన వారిని తన కోసం ఒక కానుక అడిగారనీ, ఆ కానుక మరునాటి స్వర్ణ పతకమేననీ ఆ ఆటగాళ్ళు తమ ముసలితనం దాకా చెప్పుకుంటూ వచ్చారు.

1962 సెప్టెంబరు 4. సెనయన్ స్టేడియంలో లక్షకు దగ్గరగా జనం. మన జాతీయ గీతానికి కూడా ఈలలు, కేకలు. చునీ గోస్వామి నాయకత్వంలో మన పదకొండుగురు బరిలోకి దిగారు. వారిలో బలరామ్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ మన జంటనగరాల బిడ్డలు. మొదటి ఇరవై నిమిషాలలోనే రెండు గోల్స్ పడ్డాయి. ఒకటి పి.కె. బెనర్జీ కొట్టాడు. రెండోది తల మీద కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్ కొట్టాడు. చివరి నిమిషాలలో కొరియా ఒకటి తిరిగి కొట్టినా ఫలితం మారలేదు. 2-1తో స్వర్ణం మనది. పిల్లలు గురువు అడిగిన కానుక ఇచ్చారు.

అస్తమయం

ఆ కానుకను చూసుకుని మురిసే కాలం ఆయనకు ఎక్కువ మిగలలేదు. ఊపిరితిత్తుల కాన్సర్ ముదిరింది. జకార్తా నుంచి తిరిగి వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. వయసు 53 సంవత్సరాలు. మన లెక్క ప్రకారం ఇంకా సర్వీసు మిగిలి ఉన్న వయసు.

శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం 1985లో నెలకొల్పింది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు. కాని శిష్యుల వరుస చూడండి. పి.కె. బెనర్జీ, బలరామ్, చునీ గోస్వామి, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ - 1961 నుంచి 1967 వరకు ఏటా ఒకరు చొప్పున అర్జున పురస్కారం అందుకున్నారు. ఏడుగురూ జకార్తా స్వర్ణ జట్టువారే. అంతకుమించిన పురస్కారం ఏ పంతులుకు కావాలి?

ఆయన తరువాత 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో మనకు కాంస్యం వచ్చింది. ఆ జట్టు నాయకుడు హైదరాబాదులో ఆట నేర్చిన సయ్యద్ నయీముద్దీన్. అప్పటినుంచి 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వరకు ఫుట్‌బాల్‌లో మనకు మరో పతకం లేదు. 1960 రోమ్ తరువాత 2024 పారిస్ వరకు ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అడుగే పెట్టలేదు. మైదానాలు కరువయ్యాయని కొందరు, క్రికెట్ అన్నిటినీ మింగివేసిందని కొందరు చెబుతారు. ఆ కారణాలలో నిజం లేకపోలేదు. కాని రహీం గారి కాలంలో డబ్బు ఉందా? బూట్లు ఉన్నాయా? ఉన్నదల్లా బడి పిల్లలను ఎదురుగా పెట్టుకుని, ఎడమకాలు రానివాడికి ఎడమకాలు నేర్పి, పొట్టివాడికి కూడా చోటిచ్చి, సైకిలు అద్దె లేనివాడికి అద్దె ఇచ్చిన ఒక పంతులు. అటువంటివారి తరువాత అటువంటివారిని తయారు చేసుకోలేదు. అసలు లోటు అక్కడ ఉంది.

ఇప్పుడు చాలా బళ్ళకు ఆటస్థలమే లేదు. ఉన్నచోట డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టారుకో, ఇంగ్లీషు మాస్టారుకో ఇచ్చేస్తున్నారు. మన మనవలు ఏ బడిలో చదువుతున్నారో, అక్కడ వారానికి ఎన్ని గంటలు ఆడనిస్తున్నారో ఒకసారి వెళ్ళి అడుగుదాం. తీరిక మనకు ఉంది, పెద్దరికమూ ఉంది. రహీం సాబ్ స్మృతికి మనం చేయగల సేవ అది.